కోకో డబ్బాకు పడిన గండి

ధవళేశ్వరం ఆనకట్ట ఇంజనీరు దొరగారి బంగళాలో యెహెజ్కేలు వంటవాడు. పదహారో ఏట అంట్లు తోమడానికి చేరినవాడు, ముగ్గురు దొరల నాలుకలు ఎరిగి, ఇద్దరు దొరసానుల కోపతాపాలు భరించి, నలభయ్యో పడిలో పడేసరికి బట్లరయ్యాడు. అంతకుముందు బజారులో ఎవరు పిలిచినా "ఒరే" అనే పిలిచేవాళ్ళు. బంగళా వంటింటి తాళాలు మొలకు చేరాక "ఒరే" పోయి "బట్లరూ" అయింది. బంగళాకు పంచదార సరఫరా చేసే బెల్లం కొట్టు వాసవయ్య దానికి ఒక "గారు" కూడా తగిలించాడు. యెహెజ్కేలు పొట్టివాడు, గుండ్రంగా ఉంటాడు. చేతిలో గరిటె ఉన్నంతసేపూ అంబారీ ఎక్కిన రాజులా ఉండేవాడు. గరిటె కింద పెట్టి ఇంటికి వెళ్ళాడా, పిల్లి అయిపోయేవాడు.

అందుకు కారణం అతని అత్తగారు సూరమ్మ.

సూరమ్మ మిషను తరఫున ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ. చిన్నతనంలోనే మొగుడు పోతే ఒక్కగానొక్క కూతురు జ్ఞానమ్మను రెక్కల కష్టంతో పెంచి, నాలుగక్షరాలు చెప్పించి, యెహెజ్కేలుకిచ్చి పెళ్ళి చేసి, ఆ వెనకే తనూ వచ్చి కూర్చుంది. తెల్ల చీర, చంకలో బైబిలు. కాళ్ళకు చెప్పులు లేకపోయినా ఆవిడ నడిచి వస్తుంటే చప్పుడు వినబడేది. పదహారేళ్ళలో అల్లుణ్ణి ముఖాముఖి ఒక్క మాట అన్న పాపాన పోలేదు. ఏదైనా చెప్పాలంటే గోడకు చెప్పేది. "వంటవాడైతే మాత్రం, ఆదివారం ఆరాధనకి పోపు వాసనతో రావాలా?" అని గోడను అడిగేది. గోడ తరఫున యెహెజ్కేలు వెళ్ళి రెండోసారి స్నానం చేసి వచ్చేవాడు.

ఇలా రోజులు గడుస్తుండగా, పద్దెనిమిది వందల తొంభై నాలుగో సంవత్సరం చలికాలంలో లాంగ్లీ అనే కొత్త ఇంజనీరు దొర వచ్చాడు. ఆ పేరు నోరు తిరగక రేవులో పడవవాళ్ళు "లంగరు దొర" అన్నారు. అదే నిలిచిపోయింది. దొరగారి సామాన్లు కాకినాడ రేవు నుంచి కాలువ పడవలో వచ్చాయి. వాటిల్లో ఒక పెద్ద రేకు డబ్బా. మూత తీస్తే గోధుమరంగు పొడి. యెహెజ్కేలు వాసన చూశాడు. చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. చేదు. ఇక సందేహం లేదు, శీకాయ పొడే అనుకున్నాడు. దొరసానిగారి జుట్టు మోకాళ్ళ దాకా ఉంది, ఆమాత్రం శీకాయ పట్టదా మరి! శనివారం నాడు స్నానాల గదిలో వేడినీళ్ళ కాగు పక్కన, ఇత్తడి గిన్నె నిండా ఆ పొడి కలిపి సిద్ధంగా పెట్టాడు.

దొరసానిగారు గదిలోకి వెళ్ళిన నిమిషానికి లోపలినుంచి ఒక కేక వినబడింది. తరవాత నవ్వు. ఎంతకీ ఆగని నవ్వు. అది శీకాయ కాదనీ, కోకో అనీ, వేడిపాలల్లో పంచదార వేసి కలుపుకుని తాగేదనీ యెహెజ్కేలుకు ఆ సాయంత్రం తెలిసింది. దొరసానిగారు తన కప్పులోంచి రెండు గుక్కలు అతనికీ పోసి ఇచ్చింది. తాగి, మర్యాదకు తల ఊపాడు. ఇంటికి వెళ్ళి జ్ఞానమ్మతో, "కాలిన అట్టుని పాలల్లో నానబెట్టినట్టుందే. పాపం, వాళ్ళ దేశంలో బెల్లం దొరకదనుకుంటా" అన్నాడు.

లంగరు దొర మంచివాడే గాని, ఆయనకు కొలతల పిచ్చి. గోదావరి ఎంత ఎత్తున పారుతోందో చూడడానికి ఆనకట్ట దగ్గర రాతి మీద గీతలు గీసి ఉంటాయి. దొర రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ మట్టం చూసి రాసుకునేవాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. నది ఏ నెలలో ఎంత పెరిగి ఎంత తరుగుతుందో తెలిసినప్పుడు, తన ఇంట్లో పంచదార, కోకో ఏ నెలలో ఎంత ఖర్చవుతాయో తెలియకపోవడం ఇంజనీరుకు నామర్దా అనిపించింది. గాట్లు పెట్టిన కొలకర్ర ఒకటి చేయించి యెహెజ్కేలు చేతికిచ్చాడు. ప్రతి శనివారం దాన్ని పంచదార జాడీలో ఒకసారి, కోకో డబ్బాలో ఒకసారి దించి మట్టం చెప్పాలి. దొర దాన్ని గోడ మీద గళ్ళ కాగితం అంటించి గీతలుగా గీసేవాడు. పంచదారకు ఎర్ర గీత, కోకోకు మట్టిరంగు గీత.

దొర తెలుగు బాగానే మాట్లాడేవాడు. కాకపోతే సర్కారు పరీక్ష కోసం మద్రాసులో ఒక పండితుడి దగ్గర నేర్చుకున్నాడు. అందుచేత నోరు తెరిస్తే పురాణం చెబుతున్నట్టుండేది.

"యెహెజ్కేలూ! ఈ వారమున శర్కర మట్టమెంత?"

"పద్నాలుగు గాట్లండి."

"మిక్కిలి సంతోషము."

ఏడాది తిరిగేసరికి ఆ గోడమీది గీతలు చదవడం యెహెజ్కేలుకూ పట్టుబడింది. కార్తీకంలో ఉత్తరపు గాలి తిరిగిందంటే కోకో మట్టం దిగడం మొదలు. పుష్యమాసంలో రోజుకు మూడు కప్పులు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది గదా, దాంతోపాటే కోకో కూడా పోయేది. ఎండల్లో కోకో తాగితే నెత్తురు ఉడికిపోతుందని దొరగారి నమ్మకం. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేసినట్టే, శివరాత్రినాడు కోకో డబ్బా కూడా కట్టేసేవాడు. మళ్ళీ దీపావళి దాకా మూత తీయకూడదని ఆజ్ఞ. ఆ ఎండల్లో నిమ్మకాయ నీళ్ళ కోసం పంచదార గీత కిందికి జారేది. వరద వచ్చిందంటే మరీను. దొర వానలో ఆనకట్ట మీద నిలబడి కుండలకొద్దీ టీ తాగేవాడు.

"గోదారికీ పంచదారకీ చుట్టరికం ఉందే. ఆవిడ పొంగితే ఇది తరుగుతుంది" అని యెహెజ్కేలు ఇంట్లో గొప్పగా చెబితే, "చుట్టరికాల సంగతి తరవాత. పెరట్లో కట్టెలు కొట్టే దిక్కు లేదు" అని సూరమ్మ గోడతో అంది.

దొర వచ్చిన మరుసటి ఏడు కార్తీకంలో దొరసానిగారికి తెలుగు నేర్పే పని సూరమ్మకు వచ్చింది. రోజూ మధ్యాహ్నం మూడింటికి, దొర ఆనకట్ట మీద ఉండగా, సూరమ్మ బైబిలుతో బంగళాకు వెళ్ళి గంటన్నర పాఠం చెప్పేది. ఆ గంటన్నరా వంటింట్లో యెహెజ్కేలు గరిటె చప్పుడు కూడా కాకుండా పనిచేసేవాడు.

తొంభై ఆరులో శివరాత్రి వెళ్ళింది. డబ్బా మూత పడింది. కొలకర్ర మీద మట్టం పద్దెనిమిది గాట్లు. ఆ మరుసటి వారమే ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాలు మొదలయ్యాయి. మొదటిరోజు భస్మ బుధవారం నాడు మిషను ఆవరణలో అందర్నీ కూడేసి సూరమ్మ లేచి నిలబడింది.

"ప్రభువు మనకోసం చేదు తాగాడు. ఈ నలభై రోజులూ మన నాలిక్కి తీపి తగలకూడదు. బెల్లం లేదు, పంచదార లేదు, చెరుకు ముక్క లేదు. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి."

చేతులెత్తకపోతే పేరు పెట్టి పిలుస్తుందని అందరికీ తెలుసు. అందరూ ఎత్తారు. మిషను బడి పంతులు, సంఘపెద్ద అయిన రాజరత్నంగారు రెండు చేతులూ ఎత్తాడు. యెహెజ్కేలు కూడా ఎత్తాడు. అది మొదలు సూరమ్మ ఎదురుపడితే జనం నోరు మూసుకుని నమస్కారం పెట్టేవాళ్ళు, ఎక్కడ వాసన పట్టేస్తుందోనని.

మూడో శనివారం యెహెజ్కేలు అలవాటు కొద్దీ కోకో డబ్బాలో కర్ర దించాడు. పదిహేను గాట్లు. కర్రను తిప్పి చూశాడు. పదిహేనే. ఎలకేమో అనుకుని ఆ వారం ఊరుకున్నాడు. నాలుగో శనివారం పన్నెండు గాట్లే ఉంది.

దొరకు చెప్పక తప్పలేదు. చేతులు కట్టుకుని, తల వంచుకుని చెప్పాడు. దొరకు కోపం వచ్చినా బాగుండేది. ఆయన కళ్ళు మెరిశాయి.

"ఆహా! ప్రవాహము లేని కాలమున మట్టమేల దిగుచున్నది? ఆవిరియగుచున్నదా? గండి పడినదా? లేక చోరుడా?"

ఆ చివరి మాటకు యెహెజ్కేలు చెయ్యి మొలనున్న తాళాల మీదికి పోయింది. డబ్బా ఉన్నది వంటింటికి దూరంగా బంగళా లోపలి సామాన్ల గదిలో, దాని తాళాలు రెండే. ఒకటి అతని మొలకుంది, రెండోది దొరసానిగారి దగ్గర. ఇరవయ్యారేళ్ళ ఉద్యోగంలో ఉప్పురాయి కూడా కాజేసి ఎరగనివాడు. ఇప్పుడు ముసలితనం ముంచుకొచ్చే వేళకు కోకో దొంగ అనిపించుకోవాలా?

"వచ్చు శనివారమునకు కారణము కనుగొనుము" అన్నాడు దొర, ఏదో విందుకు పిలుస్తున్నంత సంబరంగా.

యెహెజ్కేలుకు అన్నం సయించలేదు. చీమలనుకుందామంటే డబ్బా పెట్టిన బల్ల కాళ్ళు నీళ్ళ పళ్ళాల్లో ఉన్నాయి. ఎలకలనుకుందామంటే మూత పెట్టే ఎలక ఇంకా పుట్టలేదు. ఆలోచించి ఆలోచించి, మూత చుట్టూ గంజితో కాగితం ముక్క అంటించాడు. మర్నాడు చూస్తే కాగితం ఎక్కడిదక్కడే ఉంది. హమ్మయ్య అనుకోబోయి ఆగాడు. కాగితం అంచు తిన్నగా ఉంది. తను పుట్టి బుద్ధెరిగాక ఏదీ తిన్నగా అంటించినవాడు కాదు. దగ్గరగా వాసన చూశాడు. గంజిలో ఏలక్కాయ వాసన!

ఏలక్కాయ అనగానే వాసవయ్య కొట్టు గుర్తొచ్చింది. దొంగ కోకోను ఎక్కడైనా అమ్మజూపాడేమో, బజారు సంగతులన్నీ తెలిసేది వాసవయ్యకే. యెహెజ్కేలు వెళ్ళి అరుగు కింద నిలబడ్డాడు. శ్రీరామనవమి దగ్గర పడింది. కొట్టు ముందు పానకాల బెల్లం కోసం జనం ఈగల్లా మూగి ఉన్నారు. వాసవయ్య కత్తితో బెల్లం దిమ్మ పగలగొడుతూనే అంతా విన్నాడు.

"అలాంటి పొడి ఎవరూ తేలేదండి బట్లరుగారూ. తెచ్చినా నేను కొంటానా ఏంటి? మాకు బెల్లం చాలు. పంచాంగం చూడకుండా, బెల్లం దిమ్మ చూసి తిథి చెప్తాను నేను. మాఘంలో కొత్తబెల్లం వస్తే పిల్లలు. నవమికి పానకం. వైశాఖంలో పెళ్ళిళ్ళు. ఆషాఢంలో నేనూ, ఈగలూ. శ్రావణంలో ఆడవాళ్ళ నోములు, బూరెలు. మళ్ళీ ధనుర్మాసం చక్రపొంగలి. మా వాళ్ళ తీపికి ఒక పద్ధతుందండి. మీ వాళ్ళదే నాకు అంతుపట్టదు."

"మావాళ్ళు ఇప్పుడు తీపి మానేశారండి. నలభై రోజులు."

వాసవయ్య కత్తి ఆపి, అతనికేసి జాలిగా చూశాడు.

"మానేశారంటే, ముందు గుమ్మంలోంచి రావడం మానేశారండి. పెరటి గుమ్మం దగ్గర రోజూ సంతే. దగ్గుకని ఒకరు, పురుగు కుట్టిందని ఒకరు. మీ అత్తయ్యగారైతే పాపం ఒక్కరోజు తప్పరు. దూడకని చెప్పి బెల్లం అచ్చులో సగం పట్టుకెళ్తారు. ఏలక్కాయలు కూడాను. ఇంతకీ దూడ కోలుకుందాండి?"

యెహెజ్కేలు ఇంట్లో దూడ లేదు. ఆవు లేదు. కోడిపెట్ట ఒకటుండేది, అది కూడా క్రిస్మసుకు పోయింది.

మర్నాడు మధ్యాహ్నం మూడు కాకముందే, బజారుకు వెళ్తున్నానని దొరసానిగారితో చెప్పి, చుట్టూ తిరిగి వచ్చి, సామాన్ల గదిలో దూరి, లోపల తాళం వేసుకుని, బియ్యం బస్తాల వెనక నక్కాడు. తను కాపలా కాసే గదిలో తనే దొంగలా దాక్కున్నందుకు ఏడుపొచ్చింది. కాసేపటికి తాళం తిరిగిన చప్పుడైంది. ముందు దొరసానిగారి బూట్లు కనిపించాయి. వాటి వెనక, అతనికి నిద్రలో కూడా గుర్తుండే రెండు పాదాలు.

సూరమ్మ కింద చతికిలబడింది. తడిగుడ్డ చుట్టిన కూజా ముందుకు లాగి, కొంగుముడి విప్పి బెల్లం అచ్చు తీసింది. దొరసానిగారు గౌను సర్దుకుని ఎదురుగా బాసింపట్టు వేసుకు కూర్చుంది.

"పొడిని ముందు గోరువెచ్చటి నీళ్ళల్లో మెదపాలమ్మా. పాలు బాగా చల్లారాకే బెల్లం. వేడి మీద వేస్తే విరిగిపోతాయి. ఇప్పుడు ఏలక్కాయ. ఇలా అనండి, 'నాలిక పిడచగట్టుకుపోయింది.'"

"నాలిక పిడచగట్టుకుపోయింది" అంది దొరసానిగారు, అంత స్పష్టంగా కాకపోయినా, ధవళేశ్వరం యాసతో. తరవాత అనుమానంగా, "సూరమ్మగారూ, మీరు నలభై రోజులు తీపి మానేశారు కదండీ?" అని అడిగింది.

సూరమ్మ గ్లాసు ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకోకుండానే జవాబిచ్చింది.

"ఇది తీపెలా అవుతుందమ్మా? చేదు పొడి. చేదు తాగడం శ్రమేగా? ఆ చేదుకి విరుగుడుగా బెల్లం వేస్తున్నాం. విరుగుడు మందు కింద లెక్క. మందుకి ఒట్టు లేదు."

బస్తాల సందులోంచి బియ్యపు దుమ్ము ముక్కులోకి పోయి యెహెజ్కేలు గది దద్దరిల్లేటట్టు తుమ్మాడు.

దొరసానిగారు "ఓరి నాయనో!" అని లేచింది. సూరమ్మ చప్పున కొంగు నెత్తిన కప్పుకుంది. అల్లుడి ముందు ముసుగు లేని తలతో కూర్చోకూడదు మరి. కొంగు కింద పైపెదవి మీద గోధుమరంగు మీసం. బస్తాల వెనకనుంచి లేచిన అల్లుడి నెత్తి నిండా తవుడు. ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. సూరమ్మే ముందు తేరుకుని, పక్కనున్న గోడకేసి తిరిగింది.

"ఆడవాళ్ళు పాఠం చెప్పుకునే చోట మగవాళ్ళు బస్తాల చాటున నక్కడమేంటి? మర్యాదస్తులు చేసే పనేనా?"

"పాఠం కాదండి అత్తయ్యగారూ. డబ్బా… దొరగారు నన్ను…" అని నీళ్ళు నమిలాడు యెహెజ్కేలు. ఆవిడతో అతను నేరుగా అన్న మొదటి మాటలు అవే. పూర్తి చేయడం చేతకాలేదు.

దొరసానిగారు అతని ముందుకొచ్చి వేలు చూపించింది. "బట్లరూ, దొరగారికి చెప్పావంటే నీ తాట తీస్తాను." అని, సూరమ్మకేసి తిరిగి, "సరిగ్గా అన్నానా అండీ?" అంది.

ఇంటికి వెళ్ళి జ్ఞానమ్మకు చెబితే ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వి నవ్వి గోడకు చేరబడింది. "మా అమ్మకి బెల్లమంటే ప్రాణమండి. నా చిన్నప్పుడు మాకుండేది కాదు. ఎవరైనా ముక్క పెడితే నాకు పెట్టేసి, అంటిన వేళ్ళు నాకేది. ఇప్పుడు తింటోంది, తిననివ్వండి" అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ మాట యెహెజ్కేలు మనసులో ఎక్కడో నాటుకుంది.

శనివారం దొర ముందు నిలబడ్డాడు. నిజం చెబితే మొగుడూపెళ్ళాల మధ్య పొరపొచ్చం. అత్తగారిని చూస్తే ఊరంతా చేతులెత్తించిన మనిషి. ఇంత పరువు పోతే ఆవిడ తల ఎక్కడ పెట్టుకుంటుంది? తనదేముంది, వంటవాడు. వంటవాడి నోరు రుచి చూడ్డానికేగా పుట్టింది!

"నేనే తాగానండి" అన్నాడు.

దొర చాలాసేపు గళ్ళ కాగితం చూశాడు. "నీవా? ఇంత ఉష్ణకాలమున ఎట్లు త్రాగితివి?"

"చల్లగానండి. బెల్లం వేసుకునండి."

"చేసి చూపుము."

యెహెజ్కేలు వంటింట్లోకి వెళ్ళి బస్తాల చాటున విన్నది విన్నట్టు చేశాడు. గోరువెచ్చటి నీళ్ళు, చల్లారిన పాలు, ఏలక్కాయ. తడిగుడ్డ చుట్టిన కూజాలో గంటసేపు ఉంచి తెచ్చాడు. దొర ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. ఇక నెత్తురు ఉడుకుతుంది కాబోలని యెహెజ్కేలు బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాడు.

"మఱియొక గ్లాసు" అన్నాడు దొర.

ఉద్యోగం పోలేదు. కాని మాట బంగళా దాటింది. తోటమాలి విన్నది నీళ్ళు మోసేవాడికీ, నీళ్ళు మోసేవాడు చెప్పింది మిషను ఆవరణకూ చేరింది. బట్లరు శ్రమదినాల్లో కోకో తాగాడట, అదీ బెల్లంతో! రాజరత్నం పంతులుగారికి చేతికి పని దొరికింది. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు ఆరాధన అయ్యాక యెహెజ్కేలు సంఘం ఎదుట నిలబడాలని కబురు పెట్టాడు.

ఆ ఆదివారం గుడి నిండిపోయింది. పండగ గనక దొరా దొరసానీ కూడా వచ్చి ముందు వరస కుర్చీల్లో కూర్చున్నారు. సూరమ్మ ఆడవాళ్ళ వైపు చాప మీద మొదట్లో ఉంది. యెహెజ్కేలు చేతిలో తాటిమట్ట పట్టుకుని, బలికి తెచ్చిన మేకలా నిలబడ్డాడు. రాజరత్నంగారు కోటు జేబులో ఒక చెయ్యి పెట్టుకుని, రెండో చెయ్యి ఊపుతూ అందుకున్నాడు.

"నలభై రోజులు! నలభై రోజులు నాలిక కట్టుకోలేనివాడు రేపు శోధన వస్తే ఏం నిలబడతాడు? ఒక గిన్నెడు కూర కోసం జ్యేష్ఠత్వం అమ్ముకున్న ఏశావు నయం! ఒక గ్లాసుడు కోకో కోసం…"

యెహెజ్కేలు తల ఎత్తలేదు. అందుకని చాప మీద ఎవరో లేచిన సంగతి అతనికి తెలియలేదు. గొంతు వినబడ్డాక తెలిసింది.

"ఆగండి పంతులుగారూ."

సూరమ్మ ఈసారి గోడకేసి చూడలేదు. తిన్నగా అల్లుడికేసి చూసింది. పదహారేళ్ళలో మొదటిసారి.

"తాగింది ఆయన కాదు, నేను. రోజూ తాగాను. మందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా పరువు కోసం మా అల్లుడుగారు తన మీద వేసుకున్నారు. అనేదేదో నన్ననండి."

రాజరత్నంగారు ఊపుతున్న చెయ్యి దించాడు. ఈలోగా ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. దొరసానిగారు లేచింది.

"నేనూ తాగానండి. సూరమ్మగారితో. చల్లగా, బెల్లం వేసుకుని. నాలిక పిడచగట్టుకుపోతే ఏం చేస్తామండి మరి?"

అందరూ దొరకేసి తిరిగారు. దొర భార్యను చూశాడు, సూరమ్మను చూశాడు, యెహెజ్కేలును చూశాడు. నెమ్మదిగా ఆయన ముఖం విప్పారింది.

"గండి కనబడినది!" అన్నాడు.

మొదట పకాలుమన్నది జ్ఞానమ్మ. ఆ తరవాత ఎవరూ ఆగలేదు. రాజరత్నంగారు "నిశ్శబ్దం! నిశ్శబ్దం!" అని అరుస్తూ జేబులో చెయ్యి బయటికి లాగాడు. లాగి, ఆ చెయ్యిని విదిలించడం మొదలుపెట్టాడు. చేతి మీద ఎర్రచీమలు. చేతి మీదే కాదు, కోటు అంచు నుంచి జేబులోకి బారులు తీరి పోతున్నాయి. ఆయన ఎగిరిన ఎగురుకు జేబులోంచి కాగితం పొట్లం కిందపడి విడింది. నిమ్మకాయంత బెల్లం ముక్క దొర్లుకుంటూ వచ్చి సూరమ్మ కాళ్ళ దగ్గర ఆగింది.

"దూడకా పంతులుగారూ?" అంది సూరమ్మ.

"దగ్గుకండి" అన్నాడు ఆయన నీరసంగా. మగవాళ్ళ వైపు నలుగురైదుగురు చొక్కా జేబులు మెల్లగా తడుముకున్నారు. ఇంకెవరినీ ఎవరూ ఏమీ అడగలేదు. రాజరత్నంగారు ఆఖరి ప్రార్థన రెండు ముక్కల్లో ముగించాడు.

ఆ తరవాత ఎండాకాలం కోకో డబ్బా కట్టేయడం అనేది బంగళాలో లేకుండా పోయింది. ఏడాది పొడుగునా మట్టిరంగు గీత నేలబారుగా సాగిపోతుంటే, చూడ్డానికి ఎత్తుపల్లాలు లేక లంగరు దొర కొన్నాళ్ళు దిగులుగా ఉండి, తరవాత బంగళా కోళ్ళ గుడ్ల మీద పడ్డాడు. దొరసానిగారి తెలుగు మాత్రం వృద్ధిలోకి వచ్చింది. బజారులో ఆవిడతో బేరమాడడానికి వాసవయ్య కూడా జంకేవాడు.

ఈస్టరు మర్నాడు యెహెజ్కేలు ఇంటికి వచ్చేసరికి వంటింట్లో జ్ఞానమ్మ బదులు సూరమ్మ ఉంది. అప్పటిదాకా అల్లుడికి ఆవిడ స్వయంగా వడ్డించింది లేదు. ఆకు వేసి, నాలుగు బూరెలు వేసి, గుంట చేసి నెయ్యి పోసింది. యెహెజ్కేలు ఒకటి కొరికాడు. పూర్ణంలో బెల్లం మరీ ఎక్కువైంది, పాకం ముదిరింది, ఏలక్కాయ పొట్టు పంటికింద పడుతోంది. బట్లరు నోరు గనక అన్నీ తెలిశాయి.

"ఎలా ఉన్నాయండి?" అంది సూరమ్మ, తలుపు చాటునుంచి. అతనితోనే అంది.

"ఇంకో రెండు వెయ్యండి అత్తయ్యగారూ" అన్నాడు. వేసినవన్నీ తిన్నాడు. రెండు రోజులు కడుపు పట్టేసి బంగళాలో జావ తాగి పడుకున్నాడు.

లంగరు దొర తరవాత మరో ఇద్దరు దొరల దగ్గర చేసి యెహెజ్కేలు పని మానుకున్నాడు. అప్పటికి సూరమ్మకు డెబ్బై దాటింది. మళ్ళీ ఎన్నడూ ఎవరిచేతా చేతులెత్తించలేదు. శ్రమదినాలు వచ్చినప్పుడల్లా తన వరకు తానే ఏదో ఒకటి మానేసేది. ఒక ఏడు ఉప్పు, ఒక ఏడు వక్కాకు. ఒకసారి భస్మ బుధవారం పొద్దున్న గుడినుంచి వస్తూనే, "ఈ నలభై రోజులూ మా అల్లుడుగార్ని ఒక్క మాట అనను. అదే నా ఉపవాసం" అని ఇంట్లో అందరికీ చెప్పి, వీధరుగు మీద కూర్చుంది.

మధ్యాహ్నం కాలేదు. యెహెజ్కేలు పెరట్లో ఆరేసిన వడియాల మీంచి నడిచి వెళ్ళాడు.

సూరమ్మ నోరు తెరిచింది. మూసుకుంది. మళ్ళీ తెరిచింది. "జ్ఞానమ్మా!" అని కేకేసింది. "ఉప్పు మానేస్తానే, ఉప్పు! ఇది నావల్ల కాదు!"